గండిసీమలో జంటపుటల చరిత్ర

కడప జిల్లా పడమటి భాగమున, కొండను నిలువున చీల్చుకొని యేరు వెలువడు తావులు రెండు ప్రసిద్ధములు. ఎర్రమల కొండలను కోసికొని పెన్న ప్రవహించుచోట గండికోట వెలసినది. శేషాచల పంక్తిని భేదించుకొని పాపఘ్ని బయలుపడుచోట, వేంపల్లెకు చేరువను, వీరాంజనేయస్వామి కొలువైన గండి క్షేత్రము వెలసినది. ఈ రెండు గండ్లకు నడుమను చుట్టును వ్యాపించిన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములకు పూర్వనామము రేనాడు. పెన్న, పాపఘ్ని, చిత్రావతి, కుందూ నదుల నీటితో తడిసిన యీ నేలకై చోళులును, చాళుక్యులును, విజయనగర ప్రభువులును, గోలకొండ సుల్తానులును, మైసూరు నవాబులును, నైజాము ప్రభువులును, తుదకు ఆంగ్లేయులును ఒకరి వెనుక నొకరుగా వచ్చిరి; వచ్చిన ప్రతివారును తమ కచేరీ భాషను వెంట తెచ్చుకొనిరి; నేలను దున్నువారు మాత్రము తెలుగును విడువలేదు. కావున ఈ సీమలో ప్రధానమైన ప్రతి వ్రాతయు, ఏదో యొక రూపమున, రెండుమార్లు వ్రాయవలసినదే యయ్యెను: ఏలువారి భాషలో నొకమారు, ఏలబడువారి భాషలో నొకమారు.

నేడు ఈ జిల్లా యంత్రాంగమువారి వెబ్‌సైటును తెరచినచో భాషను మార్చు మీట యొకటి కానవచ్చును. దానిని నొక్కిన ఆంగ్లపుట తొలగి తెలుగుపుట నిలుచును. ఇది కంప్యూటరు యుగమున పుట్టిన వింత యని పలువురు తలంతురు. కాని ఒక్క విషయమును రెండు భాషలలో నిలిపి, ఆ రెండు పుటలను ఒకదానికొకటి తోడుగా కాపాడుట యను పని ఈ సీమకు క్రొత్త కాదు. ఆ పని యెట్లు పుట్టినది, ఎవరి చేతులలో పెరిగినది, ఎక్కడెక్కడ తెగినది యను విషయములను పరిశీలించినచో నాకొక సంగతి స్పష్టముగా గోచరించుచున్నది. అనువాదము చేయుటకంటె, చేసిన అనువాదమును మూలముతో పాటు నడిపించుట కష్టతరము. రెండు పుటలును ఒకే చోట, తెలిసినవారి చేతిక్రింద నున్న కాలముననే ఆ నడక సాగినది.

క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దమున అశోక చక్రవర్తి, గుత్తికి సమీపమున కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి బండలపై, ప్రాకృతభాషలో బ్రాహ్మీలిపిలో తన ధర్మశాసనములను చెక్కించెను. ఆ చక్రవర్తియే తన సామ్రాజ్యపు వాయవ్య సరిహద్దున, కాందహారు వద్ద, అక్కడివారు చదువు గ్రీకు, అరమాయికు భాషలలో ధర్మబోధను చెక్కించియున్నాడు. ఏ తావున ఏ భాష చదువబడునో ఆ తావున ఆ భాషలోనే రాజవాక్యము నిలువవలెనను వివేకము ఆ ప్రభుత్వమునకు కలదన్నమాట. కాని ఆ వివేకము మనదాక రాలేదు. ఎర్రగుడి బండపై తెలుగు లేదు.

ఆ లోటు తీరుటకు ఎనిమిది శతాబ్దములు పట్టినది. రేనాటి చోళులలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతమున, నేటి ఎర్రగుంట్ల మండలములోని కలమళ్ళయందు వేయించిన శాసనమును, దానికి సమీపకాలమునకు చెందిన ఎర్రగుడిపాడు శాసనమును, పూర్తిగా తెలుగున వెలసిన తొలి శాసనములుగా పండితులు పరిగణించుచున్నారు. అంతకు ముందు తెలుగుదేశమున శాసనములు ప్రాకృతమునను సంస్కృతమునను ఉండెడివి. కలమళ్ళ చెన్నకేశవాలయ ప్రాంగణమున నిలిచిన ఆ శిథిల స్తంభము తెలుగువారికి పూజ్యమైనది. పెద్ద రాజ్యములు చేయని పనిని ఒక చిన్న రాజ్యపు ప్రభువు చేసినాడు.

తరువాతి తామ్రశాసనములలో మరియొక పద్ధతి స్థిరపడినది. రాజవంశ ప్రశస్తి, దానఫలము, శాపవచనములు సంస్కృత శ్లోకములలో నుండెడివి. దానమిచ్చిన నేల యెల్లలు, అనగా తూర్పున ఏ వాగు, దక్షిణమున ఏ పుట్ట, పడమట ఏ చింతచెట్టు అను వివరములు, దేశభాషలో నుండెడివి. ఈ విభాగములో ఎంత లోకజ్ఞానము కలదో గమనింపవలెను. ప్రశస్తి దూరదేశపు రాజులకును పండితులకును ఉద్దేశింపబడినది. ఎల్ల పొరుగురైతునకు ఉద్దేశింపబడినది. తగవు వచ్చిననాడు ఊరివారు చదివించుకొనునది ఆ రెండవ భాగమునే. పుటయందలి ప్రతి మాటయు ప్రతి భాషలో నుండనక్కరలేదనియు, ఏ భాగము ఎవరికి కావలయునో ఎరిగి ఆ భాగమును వారి భాషలో తప్పక ఉంచవలెననియు ఆ లేఖకులు ఎరిగియుండిరి. నేటి వెబ్‌సైటులలో స్వాగతవాక్యమును తెలుగు చేసి, దరఖాస్తు నియమములను ఆంగ్లముననే విడుచువారు ఈ తామ్రపత్రములను ఒకసారి చూడదగును.

1650 ప్రాంతమున గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేనాపతి మీర్ జుమ్లా, పెమ్మసాని నాయకుల చేతినుండి గండికోటను కైకొనెను. అంతటితో పెన్నగట్టున పారసీకము కచేరీభాష యయ్యెను. అయినను కుతుబ్‌షాహీ ప్రభువులకు తెలుగు పరాయిది కాదు. వారి ఫర్మానులలో పలువానియందు పారసీక పాఠముతో పాటు, అదే పత్రముపై, తెలుగు పాఠమును వ్రాయించుట యాచారము. ఇచట రెండు భాషలు రెండు పత్రములుగా విడిపోలేదు. ఒక్క కాగితము, ఒక్క ముద్ర, రెండు పాఠములు. ఒకటి చిరిగిన రెండవదియు చిరుగును. ఒకటి మారిన రెండవదానిని మార్చక తప్పదు. జంటపుటల చరిత్రలో ఇంతకంటె దృఢమైన కట్టుబాటు మరియొకటి నాకు కనబడలేదు.

ఆ కోటలో మీర్ జుమ్లా కచేరీ యెట్లు సాగెనో చూచి వ్రాసిన పరదేశి యొకడు కలడు. ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే 1652 సెప్టెంబరులో తన సరుకును చూపుటకై గండికోటకు వచ్చెను. అతడు చూచిన దృశ్యము మిక్కిలి విచిత్రమైనది. నవాబు గుడారమున నేలపై కూర్చుండియున్నాడు. దేశదేశముల నుండి వచ్చిన జాబులు కొన్ని ఆయన కాలివ్రేళ్ళ సందులలోను, కొన్ని ఎడమచేతి వ్రేళ్ళ సందులలోను ఇరికియున్నవి. ఒకమారు కాలినుండి యొక జాబును, ఒకమారు చేతినుండి యొక జాబును తీసి చదువుచు, ఇద్దరు లేఖకులచే ప్రత్యుత్తరములు వ్రాయించుచు, కొన్నింటిని తానే వ్రాయుచు, నడుమ నడుమ నేరస్థుల తీర్పులను చెప్పుచున్నాడు. ఇరానునుండి వచ్చిన ఆ మనుజుడు కర్ణాటక రాజ్యములో, తెలుగు రైతుల నడుమ, పడమటి దేశపు వర్తకులతో వ్యవహరించుచు ఆ యున్నతిని పొందెను. ఆ వ్రేళ్ళ సందులలోని జాబులవంటివే ఒక ప్రభుత్వమును నిలుపునవి. తవెర్నియే యాత్రాగ్రంథము 1676లో పారిసున అచ్చుపడెను. ఆంగ్లమున వెంటనే వెలువడినది. 1889లో వాలెంటైన్ బాల్ చేసిన వివరణాత్మక ఆంగ్లానువాదము మనదేశ పండితుల చేతికి వచ్చినది. గండికోటను గూర్చి నేడు తెలుగున వ్రాయబడు వ్యాసములలో ఈ సంగతి కనబడినచో అది ఫ్రెంచినుండి ఆంగ్లమునకు, ఆంగ్లమునుండి తెలుగునకు రెండు గండ్లు దాటి వచ్చినదని పాఠకుడు ఎరుగవలెను.

1800లో నైజాము ప్రభువు ఈ మండలములను కుంపిణీవారికి దత్తము చేసెను. థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని నెలకొల్పిన సంగతి సుప్రసిద్ధము. అప్పటి రెవిన్యూ వ్యవహారము నడచిన భాషలను తలంచిన ఆశ్చర్యము కలుగును. గ్రామ కరణము తన లెక్కను తెలుగున వ్రాయును. తాలూకా కచేరీలో ఆ లెక్క మరాటీలోనికి మారును, ఏలయన దేశస్థ బ్రాహ్మణోద్యోగుల కాలమునుండి ఆ కచేరీలలో మరాటీయే వ్యవహారభాష. పూర్వప్రభుత్వముల సనదులు పారసీకమున నుండును. తుదకు మదరాసు బోర్డునకు పోవు నివేదిక ఆంగ్లమున నుండును. ఒక్క మడిచెక్క శిస్తు నాలుగు భాషలలో సంచరించెడిది. వాటి నడుమ నిలిచినవారు మునిషీలు, దుబాసీలు, సిరస్తాదారులు; చరిత్ర వారి పేళ్ళను మిక్కిలి తక్కువగా నిలుపుకొన్నది. అంకె యొకచోట తప్పిన అది నాలుగు భాషలలోను తప్పును. కాని దెబ్బ తగులునది తెలుగు భాషవానికి మాత్రమే.

మన్రోను గూర్చి గండి క్షేత్రమున నేటికిని చెప్పుకొను గాథ యొకటి కలదు. రామచంద్రుని రాకకై వాయుదేవుడు ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణమును కట్టెననియు, అది అంత్యకాలము సమీపించిన పుణ్యాత్ములకు మాత్రము కానవచ్చుననియు స్థలపురాణము. మదరాసు గవర్నరుగా నున్న కాలమున మన్రో ఆ త్రోవను పోవుచు తలయెత్తి చూచి తోరణమును కనుగొనెనట. 1827 జూలైలో పత్తికొండయందు విషూచికచే ఆయన మరణించెను. ఈ కథ యథార్థమా యని అడుగుట నా యుద్దేశము కాదు. పన్ను వేయవచ్చిన పరదేశియందు ఈ ప్రాంతపు ప్రజలు ఎంత ఆదరము నుంచిరో దీనివలన తెలియును. నోటిమాటగా పుట్టిన ఈ తెలుగు కథ ఆంగ్లమున వెలువడిన జిల్లా గ్రంథమున చేరి, అచ్చటినుండి మరల తెలుగు వ్యాసములలోనికి దిగి, నేడు తెలుగు వికీపీడియాలో నిలిచియున్నది. మూలము మనదే యైనను ఆధారము ఆంగ్లపుస్తకముగా చూపబడుచున్నది. పరదేశపు పాఠము మూలమై, మన పాఠము అనువాదమై కనబడు ఈ తలక్రిందుల స్థితి పెక్కు విషయములలో కలదు.

అందులకు కారణము మెకంజీ సేకరణ కథవలన స్పష్టమగును. కర్నల్ కాలిన్ మెకంజీ, కావలి వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సహాయముతో, దక్షిణాపథమందలి ఊరూరి వృత్తాంతములను సేకరించెను. వారును వారి క్రింది సహాయకులును గ్రామములకు పోయి, కరణములను, పూజారులను, వృద్ధులను అడిగి, శాసనములకు నకళ్ళు తీసి వ్రాసిన స్థానిక చరిత్రలే కైఫీయతులు. గండికోట, జమ్మలమడుగు ప్రాంతముల చరిత్రకు అవి యమూల్యములు. దేవాలయముల మాన్యములు, చెరువుల పుట్టుక, పాళెగాండ్ర కలహములు, ఊరు పాడుపడి మరల కట్టబడిన విధము, ఇవన్నియు అచ్చమైన కరణీకపు తెలుగులో నున్నవి. వాటిలో కొన్నింటిని కావలి సోదరులును వారి పరివారమును ఆంగ్లీకరించిరి. 1821లో మెకంజీ మరణించిన తరువాత ఆంగ్లపత్రములలో అధికభాగము లండనునకును, దక్షిణదేశ భాషలలోని ప్రతులు మదరాసునకును చేరినవి. అన్నదమ్ములవలె ఒకచోట పెరిగిన మూలమును అనువాదమును రెండు ఖండములకు పంపివేసిన ఆ నిర్ణయము మనకు చేసిన నష్టము చిన్నది కాదు. ఆంగ్లము చదివిన చరిత్రకారుడు తెలుగుమూలమును చూడక వ్రాసెను. తెలుగు చదివిన గ్రామవాసి తన యూరి చరిత్ర యొకటి కలదనియే యెరుగడయ్యెను.

ఈ చీలికను పూడ్చుటకై తన జీవితమును వెచ్చించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. కలకత్తాలో 1798లో జన్మించి, 1817లో మదరాసు చేరి, సెంట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అభ్యసించి, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. కొంతకాలము మచిలీపట్టణము మున్నగు తావుల నుండి 1826లో మరల కడప చేరినపుడు, ఒక బంగళాను కొని, అందు పండితులను, లేఖకులను తన జీతముతో పోషించి, తాళపత్ర ప్రతుల సంస్కరణకు కర్మాగారమును నెలకొల్పెను. దానిని జనులు బ్రౌన్ కళాశాల యనిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డి, జూలూరి అప్పయ్య మొదలగు పండితులు అందు పనిచేసిరి.

ఆ బంగళాలో జరిగిన పనిని కొంచెము దగ్గరనుండి చూడవలెను. ఒక కావ్యమునకు దొరకినన్ని తాటాకు ప్రతులను దూరగ్రామములనుండి తెప్పించెడివారు. ఒకడు చదువగా మరియొకడు కాగితముపై వ్రాసెడివాడు. పండితులు పాఠభేదములను పోల్చి, ఏది సాధువో నిర్ణయించి, శుద్ధప్రతిని వ్రాయించెడివారు. ఆ శుద్ధప్రతికి వ్యాఖ్యానమో, ఆంగ్లార్థమో చేర్చబడెడిది. అందలి పదములు నిఘంటువునకై విడిగా ఎత్తి వ్రాయబడెడివి. మూలము, వ్యాఖ్య, అనువాదము, పదపట్టిక నాలుగును ఒక్క కప్పు క్రింద పుట్టెడివి. వేమన పద్యములను బ్రౌన్ 1829లో ఆంగ్లానువాద సహితముగా ప్రకటించినపుడు అందున్నవి 693. 1839 నాటి కూర్పున పద్యసంఖ్య 1164 అయ్యెను. పదియేండ్లలో మూలమే యింత పెరిగినది. మూలము నిలుకడగా నుండి అనువాదకుని కొరకు వేచియుండునని తలంచుట భ్రమ. ఆ పెరుగుదలను పట్టుకొనుటకు పండితులు ఇంటనే యుండవలెను. బ్రౌన్ వారిని ఇంటనే ఉంచెను, అప్పులు చేసి జీతములిచ్చెను.

ఆయన అనువాదములు కావ్యములతో ఆగలేదు. హైదరు, టిప్పుల వృత్తాంతమును పుంగనూరి రామచంద్రరావు మరాటీలో వ్రాయగా దానిని 1849లోను, అనంతపురపు రాజుల యుద్ధకథను తెలుగునుండి 1853లోను ఆంగ్లీకరించి ప్రకటించెను. కొంతకాలము ప్రభుత్వమునకు తెలుగు అనువాదకుడుగా పనిచేసెను. తెలుగు ఆంగ్ల నిఘంటువు 1852లో వెలువడెను. నాకు వీటన్నింటికంటె ఆశ్చర్యకరముగా తోచునది 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు. జమాబందీ, మహజరు, రసీదు, జామీను, ఫిర్యాదు వంటి హిందుస్తానీ, పారసీక, మరాటీ పదములు కచేరీ తెలుగులో ఎట్లు కలిసినవో అట్లే, వెలివేయక, చేర్చి అర్థము చెప్పిన గ్రంథమది. కావ్యభాషను ప్రేమించిన ఆ పండితుడు కచేరీకి వచ్చు రైతు వినునది కావ్యభాష కాదని మరువలేదు. నేడు ప్రభుత్వపుటలను తెలుగు చేయువారు రసీదును విడిచి ఎవ్వరును పలుకని క్రొత్త సమాసమును కూర్చునపుడు, చదువరి ఆంగ్లపుటకే మరలిపోవుచున్నాడు. ఆ సమాసమునకంటె రసీదే తెలుగు.

ఆ కాలముననే కడప మీదుగా కాశికి పోయిన ఏనుగుల వీరాస్వామయ్య మదరాసు సుప్రీముకోర్టులో దుబాసీ. 1830, 1831 సంవత్సరములలో సాగిన ఆ యాత్రను ఆయన తెలుగున వ్రాయగా, మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళ దానిని ఆదరించి 1838లో అచ్చువేయించెను. అచ్చునకు పూర్వమే అది అరవమునకు అనువదింపబడినది. దినమంతయు ఒరుల మాటలను భాషాంతరము చేయు వృత్తిలో నున్నవాడు తన మాటను తెలుగుననే చెప్పుకొనుట నాకు ఎప్పుడును మనోహరముగా తోచును.

ఇరువదవ శతాబ్దమున ఈ సీమ తన అనువాదకుని ప్రొద్దుటూరిలో చూచినది. పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో అనంతపురము జిల్లాలో జన్మించి, ప్రొద్దుటూరున ఉపాధ్యాయుడై, అచటి అగస్త్యేశ్వరాలయమున శివతాండవమును రచించెను. పదునాలుగు భాషలు నేర్చిన ఆ మహనీయుడు విశ్వనాథ సత్యనారాయణ నవల ఏకవీరను మలయాళమునకు అనువదించెను. తెలుగునుండి మలయాళమునకు నేరుగా. నడుమ ఆంగ్లము లేదు. నేటి వెబ్‌సైటుల నిర్మాణములో ఆంగ్లమే మూలమనియు, తక్కిన భాషలన్నియు దాని కొమ్మలనియు ముందుగానే నిశ్చయింపబడియుండును. తెలుగుపుట నుండి కన్నడపుట పుట్టవలెనన్నను అది ఆంగ్లము మీదుగానే పోవుచున్నది. జమ్మలమడుగునకు కన్నడదేశము ఎంత దూరము? ప్రొద్దుటూరి బంగారు అంగళ్ళలోను, వస్త్రపు కొట్లలోను బేరమాడుటకు ఆ నడుమ భాష ఎన్నడును అవసరపడలేదు.

ఆంధ్రప్రదేశమున తెలుగును అధికారభాషగా చేసిన చట్టము 1966లో వచ్చినది. కచేరీలో తెలుగునకు చట్టబద్ధమైన పీట లభించినను, అది కంప్యూటరు తెరపైకి ఎక్కుటకు మరి మూడు దశాబ్దములు పట్టినది. తొలి రోజులలో ప్రతి పత్రికకును ప్రతి సంస్థకును తమతమ ఫాంట్లు, తమతమ లిపిసంకేతములు ఉండెడివి. ఒకరి అక్షరములు మరియొకరి కంప్యూటరులో అర్థములేని గీతలుగా కనబడెడివి. పలువురు తెలుగు పుటను బొమ్మగా మార్చి పెట్టెడివారు, దానిలో వెదకుటకు వీలుండదు. 1991లో యూనికోడు ప్రమాణమున తెలుగునకు 128 స్థానముల గది యేర్పడినది; ఆ సంకేతములను చూపగల ఫాంట్లు, కీబోర్డులు 2001 తరువాత సామాన్యుల కంప్యూటరులలోనికి వచ్చినవి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా ఆరంభమయ్యెను. అందలి వ్యాసములను మాత్రమే కాక, మార్చు, చరిత్ర, చర్చ, భద్రపరచు అను మీటల మాటలను గూడ వేతనము లేని సేవకులు తెలుగు చేసిరి. ఇది మిక్కిలి ముఖ్యమైన సంగతి, ఎందుకన వెబ్‌సైటును అనువదించుట యనగా వ్యాసమును అనువదించుట మాత్రమే కాదు.

పుటలను దాచి, పేర్చి, చూపు సాఫ్ట్‌వేరును సీఎంఎస్ అందురు. 2001లో వచ్చిన ద్రుపాల్, 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ అట్టివి. వాటిలో పుట యనునది ఒక్క ముద్దగా నుండదు. శీర్షిక యొక గడిలో, వ్యాసము మరియొక గడిలో, చిత్రము క్రింది మాట వేరొక గడిలో, పుట చిరునామా ఇంకొక గడిలో నుండును. పైనుండు పట్టిక, తేదీ, వెదకు పెట్టె, లోపము వచ్చినపుడు కనబడు వాక్యము మొదలైనవి వేరొక చోట, మాటల జాబితాగా నుండును. గండికోట పుటను తెలుగు చేయగోరిన ఉద్యోగి యెదుట తెరపై ఒకవైపు ఆంగ్లపు గడులు నిండియుండును, రెండవవైపు తెలుగు గడులు ఖాళీగా నుండును. అతడు వ్యాసమును చక్కగా వ్రాసి ముగింపవచ్చును. కాని చిత్రము క్రింది మాట మిగిలిపోవును, పట్టికలోని పేరు మిగిలిపోవును, చూపులేనివారికి యంత్రము చదివి వినిపించు చిత్రవర్ణన మిగిలిపోవును. ఖాళీగా విడిచిన గడిలో సాధారణముగా మూలభాష వచ్చి కూర్చుండును. అందుచేతనే తెలుగుపుటలో నడుమ నడుమ ఆంగ్లము తలయెత్తుట. ద్రుపాల్ 2015 నాటి 8వ కూర్పున ఈ బహుభాషా పరికరములన్నింటిని తన లోపలనే ఇముడ్చుకొన్నది. వర్డ్‌ప్రెస్‌లో వానిని ప్లగిన్లుగా చేర్చుకొందురు.

మాటల జాబితాలోని కష్టము వేరు. ఆంగ్లమున ఊరిపేరు కొరకు ఒక సందు విడిచి, అచ్చటికి పోవు మార్గము అను వాక్యమును ఒక్కమారు వ్రాసినచో ఏ యూరి పేరైనను అందు ఇముడును. తెలుగున అట్లు కుదరదు. కడపకు పోవు దారి; గండికి పోవు దారి. ఇకారాంత పదముపై కు వర్ణము కి యగునని చిన్నయసూరి బాలవ్యాకరణము చదివిన విద్యార్థికి తెలియును, యంత్రమునకు తెలియదు. అది గండి కు అని ముద్రించి ఊరకుండును. వాక్యమున క్రియ తుదకు వచ్చుటచేత, ఆంగ్లపు ముక్కలను వరుసగా తెలిగించి అతికించిన వాక్యము నడువదు. నేర్పరియైన అనువాదకుడు ఆ వాక్యమునే మార్చి, ఊరిపేరును ముందు నిలిపి, ప్రత్యయము తగులని విధముగా, గండి: చేరు మార్గము అని వ్రాయును. చిన్న పనివలె కనబడు ఈ సవరణలో వ్యాకరణ పాండిత్యమును కంప్యూటరు జ్ఞానమును కలిసి పనిచేయుచున్నవి.

ఇక నిర్వహణ. ఈ జిల్లా పేరునే చూడుడు. ఆంగ్లమున కడ్డప అని పలుకబడు పాతవర్ణక్రమమును 2005లో మార్చిరి. తెలుగుపుటకు దానితో పనిలేదు. 2010లో జిల్లాకు వై.ఎస్.ఆర్. పేరు వచ్చినది, రెండు పుటలును మారవలసివచ్చెను. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి రాజంపేట అన్నమయ్య జిల్లాకు పోయినది, పులివెందుల రెవిన్యూ డివిజను కేంద్రమైనది. విస్తీర్ణము, మండలముల జాబితా, అధికారుల పట్టిక అన్నియు మారినవి. 2025లో జిల్లా వై.ఎస్.ఆర్. కడప యయ్యెను. ఇట్టి మార్పు ఆంగ్లపుటలో చేయబడగానే, తెలుగుపుట పాతబడినదని గుర్తు పెట్టు సౌకర్యము ద్రుపాల్‌లో కలదు. వికీ అనువాద పరికరములోను, మాటల జాబితాలు దాచు పీఓ ఫైళ్ళలోను అట్టి గుర్తులున్నవి. గుర్తు పెట్టుట యంత్రము పని. చదివి, సరిచేసి, ఆ గుర్తును తొలగించుట మనుష్యుని పని. కుతుబ్‌షాహీ ఫర్మానులో ఆ మనుష్యునకు స్థానముండెను, కుంపిణీ కచేరీలో జీతముండెను, బ్రౌన్ బంగళాలో ఆదరముండెను. నేడు అట్టివానికి ప్రత్యేకముగా ఒక పదవిని, ఒక జీతమును ప్రతి జిల్లా కచేరీలో ఏర్పరుపవలెనని నేను గట్టిగా కోరుచున్నాను.

గూగులు యంత్రానువాదమున తెలుగు 2011లో చేరినది. తొలి చిత్తుప్రతికి అది నేడు పనికివచ్చుచున్నది. కాని కైఫీయతులు దాని చేతికి లొంగవు. కట్టుబడి, మిరాసి, సర్వాగ్రహారము వంటి మాటలతో నిండిన ఆ కరణీకపు తెలుగును ఆంగ్లము చేయుటకు యంత్రము నేర్చుకొన్న వాఙ్మయము చాలదు. ఆ తెలుగు మూలములను కడపలోని సి.పి. బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రము సంపుటములుగా ప్రకటించుటచేత అవి మరల ఈ సీమకు చేరినవి. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి దీర్ఘకృషివలన బ్రౌన్ బంగళా యున్న స్థలముననే గ్రంథాలయము వెలసినది. ఇప్పుడు ఆ సంపుటములకు జతగా ఆంగ్లపుటలను నిర్మింప దలచిన యువకుడు ప్రొద్దుటూరిలో కూర్చుండి ఒక మాటవద్ద ఆగినచో, అతడు తెరచునది బ్రౌన్ నిఘంటువునే. చికాగో విశ్వవిద్యాలయమువారు దానిని ఇంటర్నెట్‌లో అందరికిని ఉచితముగా అందుబాటున నుంచినారు. వారు తీసికొన్నది 1852 నాటి ప్రతిని కాదు. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట ఎం. వేంకటరత్నము, డబ్ల్యు. హెచ్. క్యాంబెల్, కందుకూరి వీరేశలింగము పంతులు కలిసి, పాతవానిని సరిదిద్ది, క్రొత్తమాటలు చేర్చి, 1903లో ప్రకటించిన రెండవ కూర్పును.